మారు గంటె

సాయంత్రం సూర్యాపేటలో కాలేజీ గ్రౌండు చుట్టూ ఎనిమిది రౌండ్లు తిరిగి, చెమటలు కక్కుతూ గేటు దాటగానే రోడ్డు పక్కన పొయ్యిల మీద కాలుతున్న జొన్న రొట్టెల వాసన నన్ను పట్టి నిలబెడుతుంది. నాలాగే బూట్లు వేసుకొని, నాలాగే పొట్ట లోపలికి పీల్చుకుంటూ ఓ పదిమంది అక్కడ వరుసలో ఉంటారు. నాకేమో ఒక్కచోట కాలు నిలవదు. రొట్టె చేతికొచ్చేదాకా అటూ ఇటూ పచార్లు చేస్తుంటే కాల్చే ఆమె నవ్వుతుంది. నా భయం ఆమెకేం తెలుసు. రోజూ బస్సులో కోదాడ బడికి పోయి రావడం, వచ్చి కుర్చీలో కూలబడి పేపర్లు దిద్దడం, ఇట్లా ఇరవై ఏళ్ళు గడిచాక డాక్టరు నా రక్తపరీక్ష కాగితం చూసి, షుగరు గడప దాకా వచ్చిందనీ, మూడు నెలల్లో బరువు తగ్గకపోతే గోలీలు తప్పవనీ చెప్పాడు. మా నాయనకు కూడా గోలీలతోనే మొదలైంది.

ఆ రొట్టె వాసన మా నాయనమ్మది. నిడమనూరు దగ్గర ఆమె ఊరి చుట్టూ కాలువ నీళ్ళతో వరి పచ్చగా ఊగుతున్నా, మా చెలక మాత్రం మెరక మీద ఉండి చుక్క నీరెక్కేది కాదు. అందుకని ఆ ఇంట్లో జొన్నలే. ఎండాకాలం సెలవులకు పోతే పొద్దున్నే రొట్టె చప్పుడుకు మెలకువ వచ్చేది, పుంటికూర పుల్లదనం, ఎండుమిర్చి ఘాటు, పొయ్యి పొగ కలిసి ముక్కుకు తగిలేవి. తొక్కుడు బిళ్ళ ఆడి ఆడి కాళ్ళకు దుమ్ము కొట్టుకొని వచ్చిన మాకు మధ్యాహ్నం మాత్రం కొని తెచ్చిన బియ్యంతో అన్నం పెట్టేది. ఆమె కూర్చోగా నేను చూసింది తక్కువ. రొట్టె కూడా నిలబడే తిని చెలకకు పోయేది, ఆ కుదురులేనితనం ఒక్కటే నాకు వచ్చింది.

ఒకసారి అన్నం పెట్టాక గంటె మళ్ళీ పళ్ళెం మీదికి రావాల్సిందే. వద్దని చెయ్యి అడ్డం పెడితే ఒప్పుకునేది కాదు.

"మారు ఏసుకో బిడ్డా. ఒక్కపారే పెట్టి ఊకుంటే పగోళ్ళకు పెట్టినట్టయితది."

మా నాయన ఆ ఇంటి నుంచి మిర్యాలగూడ రైసుమిల్లు పనికి వచ్చినవాడు. ఉడికే వడ్ల వాసన, బట్టలకు అంటుకునే ఊకదుమ్ము, నూకలు ఏరుకునే పిచ్చుకలు, ఇదీ మా అద్దె ఇంటి వీధి. ఇంట్లో మూడు పూటలా సన్నబియ్యమే. జొన్నల పేరెత్తితే నాయనకు కోపం. అమ్మ గంటె నిండా పెట్టి, మారు కూడా గంటె నిండానే పెట్టేది, నాయన సంతోషంగా మా పళ్ళేల వంక చూస్తూ తినేవాడు. షుగరుతో ఆయన కాలివేళ్ళు రెండు తీసేసినప్పుడు దవాఖానలో నేను అన్నం మీద గొడవకు దిగాను. ఆయన కట్టు కట్టిన కాలు చూసుకుంటూ నెమ్మదిగా, "మెతుకుల కోసం ఏడ్సినోన్ని. ఇంకో గంటె ఏసుకుంటే తప్పా?" అన్నాడు. ఆ తర్వాత రెండేళ్ళే బతికాడు.

అందుకే ఈసారి పట్టుబట్టాను. టీలో చక్కెర మానేశాను, బస్సు రెండు స్టాపుల ముందే దిగి నడిచాను, అన్నం కప్పుతో కొలిచి పెట్టుకున్నాను. రెండు నెలలైనా బరువు కదల్లేదు. రోజుకు మూడుసార్లు మిషన్ ఎక్కి దిగుతూ, డాక్టరునీ మిషన్‌నీ కూడా తిట్టుకుంటూ పిచ్చిదాన్నయ్యాను. చివరికి ఓ పొద్దున తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి తింటూ తింటూ ఆగి నా పళ్ళెంలోకి చూసింది.

"అమ్మా, కప్పు కొలిసి పెట్టుకుంటవ్ గదా, మళ్ళ పైనుంచి ఇంకో గంటె ఎందుకేసుకుంటున్నవ్?"

గంటె నా చేతిలోనే ఉంది. రెండు నెలలుగా ప్రతి పూటా ఆ మారు వేసుకుంటూనే ఉన్నాను, ఒక్కరోజు కూడా నాకు తెలియలేదు. సిగ్గేసింది, నవ్వొచ్చింది, బస్సెక్కాక మునగాల పొలాలు చూస్తుంటే ఏడుపొచ్చింది. నాయనమ్మ పళ్ళెం అప్పుడు గుర్తొచ్చింది. ఆమె మొదట పెట్టేది చారెడు, మారు పెట్టేది ఇంకో చారెడు. రెండూ కలిపినా పళ్ళెం అడుగు కనిపించేది. రెండుసార్లు పెట్టింది కదా అని చిన్నప్పుడు నేను కడుపు నిండినట్టే లేచేదాన్ని.

ఇప్పుడు కప్పులో అన్నాన్ని సగం పెట్టుకొని, ఆ మిగిలిన సగాన్నే మారు వేసుకుంటున్నాను. మూడో నెల చివర మూడు కిలోలు తగ్గాను, గోలీలు వద్దులే అన్నాడు డాక్టరు. నాయనమ్మ లేదు, మా చెలకలో జొన్నలూ లేవు, బోరు వేసి అక్కడా వరే పెడుతున్నారు. నేను ఇంత కష్టపడి నేర్చుకున్న ఆ చారెడు కొలత నాయనకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మెతుకుల కోసం ఏడ్చానని దవాఖానలో ఆయన చెప్పింది దాని గురించే. అది ఆకలే.