కాగబెట్టని నీళ్లు

ఒక్క మాట. ఎంత చిన్న మాటో. ఇన్నేళ్లూ గొంతుకి అడ్డంపడి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. గుడిలో ఫాదరు ముందు మోకరించినప్పుడు కూడా దాన్ని దాటేసి మిగతా పాపాలన్నీ ఒప్పుకున్నా. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నా.

అవతల సాగర్ డ్యామ్ కడుతున్న రోజులు. గురజాల దగ్గర మా ఊరు. నాగులేరు పొంగి మా పల్లెలో గోడలన్నీ కూలినయ్. వారానికి పై దేశం వాళ్లు నలుగురు జీపులో వచ్చి బళ్లో దిగారు. పాలపొడి, దుప్పట్లు, సూదిమందులు తెచ్చారు. ముగ్గురు చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాళ్లు, నాలుగో ఆమె నర్సు, మా దగ్గరే ఉండేది. ఏ దేశమో నాకిప్పటికీ తెలియదు, తలా ఒకటి చెప్పారు. చానా మంచి మనిషి. మా పిల్లల పుండ్లు కడిగేటప్పుడు మొహం చిట్లించేది కాదు. వాళ్ల స్టవ్వు సూదులు ఉడకబెట్టడానికే సరిపోయేది. అందుకని ఆమెకి తాగే నీళ్లు కాగబెట్టి ఇచ్చే పని నాకు ఒప్పజెప్పారు.

పొద్దున్నే బిందె దించగానే, నేర్చుకున్న నాలుగు తెలుగు మాటల్లో అడిగేది, కాగినయ్యా అని. కాగినయ్యమ్మా అనేదాన్ని. నిజంగానే తెర్లేదాకా కాగబెట్టేదాన్ని. లోపల మాత్రం మంట. ఏంది ఈమె, మేం పుట్టి పెరిగింది ఆ బావి నీళ్లతోనే గదా, చచ్చామా? వరద ఆ బావిలోకి దిగిందని తెలిసి కూడా అట్టాగే అనుకున్నా.

పదో రోజో, పదకొండో రోజో, ఆమె అడగలేదు. నవ్వి, నా భుజం తట్టి, గ్లాసు ముంచుకుంది. నన్ను నమ్మింది. మర్నాటి నుంచి నేను కాగబెట్టడం మానేశా.

ఎందుకు? ఇదే నాకు అర్థం కాదు. కట్టెలన్నీ తడిసినయ్, అటక మీద నాలుగు పిడకలే మిగిలినయ్, నిజమే. కానీ అడిగితే వాళ్లే జీపులో ఎండు కట్టెలు తెప్పించేవాళ్లు, నేను అడగలేదు. ఒళ్లు బద్ధకమా? పొగరా? అడిగినన్నాళ్లు అడుగుతుందని కోపం. మరి అడగడం మానేశాక, అలుసా? నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయినట్టు, ఆమె నమ్మింది నన్నా!

మూడు రోజులకి ఆమెకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నయ్. కళ్లు లోపలికి పోయినయ్. నీళ్లు కాగబెట్టినవేనా అని వాళ్ల డాక్టరు మా బడి పంతులుగారి చేత నన్ను అడిగించాడు. తలూపా. జీపులో పడుకోబెడుతుంటే ఆమె నావైపు చెయ్యి చూపించి ఏదో అంది. ఈమె ఇచ్చే నీళ్లు మంచివే, నాకు తెలుసు అంటోందని పంతులుగారు చెప్పారు. మరింకేం తాగిందని ఆరా తీశారు. మా పక్కింటి మరియమ్మ వదిన ఒకరోజు ప్రేమకొద్దీ లోటాడు మజ్జిగ ఇచ్చింది. అదే అయ్యుంటదన్నారు. నేను నోరు మెదపలేదు.

జీపు గుంటూరు పోయింది. ఆమె బతికిందన్నారు కొందరు, ఓడెక్కకముందే పోయిందన్నారు కొందరు. ఏది నిజమో.

మరియమ్మ ఇంట్లో మాత్రం ఆ తర్వాత ఎవరూ మజ్జిగ ముట్టలేదు. మందు పెట్టినదాన్ని చూసినట్టు చూశారు. చివరికి బర్రెని అమ్మేసింది. ఏళ్ల తర్వాత ఆమె మంచం పడితే గంజి పట్టుకెళ్లా. నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, నిజం చెప్పు. నా మజ్జిగేనంటావా?"

"ఏమో వదినా," అన్నా. "దేవుడికి తెలియాలి."

దేవుడిదాకా ఎందుకు, నాకు తెలుసుగా. తెలుసా? ఆమె మజ్జిగలో పోసిందీ ఆ బావి నీళ్లే. మేమూ అవే తాగాం, మాకేం కాలేదు. ఆ ఒక్క లోటా కావచ్చు, నా మూడు బిందెలూ కావచ్చు. ఈ ముడి నాకు విడదు. కానీ ఆమె అడిగినప్పుడు నేను విప్పాల్సింది ఆ ముడి కాదు, నా నోరు. ఆ ఒక్క మాట వింటే కాస్త ఊపిరి పీల్చుకునేది. నేను గంజి తాగించి, మూతి తుడిచి, వచ్చేశా. నాలుగో రోజు పోయింది.

ఇప్పుడు ఎవరికి చెప్పినా ఆమెకి చేరదు. అయినా చెబుతున్నా.

వదినా, ఆ నీళ్లు నేను కాగబెట్టలేదు.