తప్పంతా బటన్‌దే

బాలశౌరి గారు వంక పెట్టకుండా ఏ వస్తువునీ ముట్టుకోరు. గవర్నర్‌పేటలో పొగలు కక్కే ఇడ్లీ తెచ్చి ముందు పెడితే, వేలితో నొక్కి చూసి, "మెత్తగానే ఉందండీ, కానీ ఈ మెత్తదనంలో నిజాయితీ లేదు" అంటారు. అని, ప్లేటు ఖాళీ చేసి ఇంకోటి తెప్పించుకుంటారు. కొండపల్లిలో అంబారీ ఏనుగు బొమ్మ బేరమాడుతూ, ఇంత బరువు మోస్తున్న ఏనుగు ఎందుకు నవ్వుతోందని అడిగారు. బొమ్మ చేసినాయన జవాబు వెతుక్కునేలోపు రెండు కొనేశారు. పెళ్లిచూపుల్లో కూడా ఎలిజబెత్ గారిని చూడకుండా, తాను కూర్చున్న కుర్చీకి ఒక కాలు పొట్టిదని నిరూపించారట. కుర్చీ మార్చారు, సంబంధం కుదిరింది.

ఒకప్పుడు ఆయన హార్బర్లలో ఓడల అడుగుకి వెళ్లి మరమ్మతులు చేసేవారు. ఇప్పుడు బెజవాడలో ఓ స్విమ్మింగ్ పూల్‌లో మాలాంటివాళ్లకి స్కూబా డైవింగ్ నేర్పుతున్నారు. మాలాంటివాళ్లంటే ముందు నా గురించే చెప్పుకోవాలి. పేరు వేణుగోపాల్, చేనేత చీరల వ్యాపారం. నీళ్లలోకి నాకంటే ముందు నా పొట్ట దిగుతుంది. నాలుగేళ్లు పైపైన తిరిగి చేపల్ని చూశాక, అండమాన్ దగ్గర బాగా లోతులో పడున్న ఓ పాత ఓడని చూడాలని నాకు పట్టుదల పుట్టింది. మా ఆవిడ రామతులసి విని, పుష్కరాల్లో మెట్టు దిగడానికి తన చెయ్యి వదలని మనిషి సముద్రం అడుక్కి పోతాట్ట అని ఊరంతా చెప్పుకుంది.

అంత లోతుకి ఊరికే వెళ్లి రాలేం. పీల్చే గాలి అక్కడి ఒత్తిడికి ఒంట్లోకి ఇంకిపోతుంది. తొందరపడి పైకొస్తే గోలీసోడా కొట్టినట్టు ఒళ్లంతా బుడగలే. అందుకని పైకొచ్చే దారిలో ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చెప్పే డైవ్ కంప్యూటర్ ఒకటి చేతికి కట్టుకోవాలి. చూడ్డానికి లావుపాటి వాచీలా ఉంటుంది. దాని మాట తప్పితే ప్రాణం మీదికొస్తుంది.

కొనడానికి ముందు బాలశౌరి గారికి చూపించడమే నేను చేసిన పొరపాటు. డైవింగ్ సామాను అమ్మే శాలిని దగ్గర్నుంచి మొదట రంగురంగుల తెర ఉన్నది తెచ్చాను. అది ఫోన్‌తో కూడా మాట్లాడుతుందని గొప్పగా చెప్పాను.

"అంత లోతులో మీకు ఫోన్ చేసేదెవరండీ, వంజరం చేపా?" అన్నారాయన. పైగా లోతుకి వెళ్లేవాళ్లు పీల్చే హీలియం కలిపిన గాలి లెక్క దానికి రాదట. ఆ వంక న్యాయమైనదే. సిగ్గుపడి, ఆ లెక్క వచ్చినదే ఇంకోటి తెచ్చాను. అసలు కథ అక్కడ మొదలైంది.

నీళ్ల మధ్యలో ఒకేచోట కదలకుండా నిలబడి, మందపాటి చేతి తొడుగులతో దాని బటన్లు నొక్కమన్నారు. నొక్కడం మొదలుపెట్టానో లేదో, నూనెలో బజ్జీలా పైకి తేలిపోయాను. ఆయన కంప్యూటర్ తీసుకుని తిప్పి చూసి, "బటన్ మంచిది కాదండీ. మనిషిని పైకి లాగేస్తోంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

ఇంకోటి తెచ్చాను. నీళ్లు చొరకుండా మొహానికి బిగించుకునే కళ్లద్దం నీళ్లలోనే తీసి, మళ్లీ పెట్టుకుని, వెంటనే తెర మీది అంకెలు చదవమన్నారు. నేను కంగారుపడి పూల్‌లో సగం తాగాను. తెర వెలుగు మరీ ఘాటుగా ఉందని దాన్నీ వద్దన్నారు. తర్వాతిదాంట్లో, పైకొచ్చేటప్పుడు ఒక రకం గాలి ఉన్న సిలిండర్ నుంచి ఇంకో రకందానికి మారే పాఠంలో, ఆ లోతులో పీల్చకూడని గాలి ఎంచుకున్నాను. అది సముద్రమైతే మా ఆవిడ ఊరంతా చెప్పుకోవలసిన సంగతి వేరేగా ఉండేది. బాలశౌరి గారు నన్ను ఒడ్డుకి లాక్కొచ్చి, నా చేతి కంప్యూటర్ విప్పి తీసుకున్నారు. ఆ మెనూ రాసినవాడికి బుద్ధి లేదన్నారు. నేను ఇంటికెళ్లి ఆ కంపెనీ మీద ఇంటర్నెట్‌లో ఘాటుగా ఓ విమర్శ కూడా రాశాను.

ఈలోగా సీజన్ అయిపోయింది. అండమాన్ వెళ్లే జట్టు నేను లేకుండానే వెళ్లి, ఓడ ముందు ఫొటోలు దిగి వచ్చింది. నాకు తిక్క రేగింది. ఈయన చాదస్తంతో నా ముచ్చట తీరకుండా పోతోందని, నాలుగు మాటలు అనడానికే గుణదలలో వాళ్లింటికి వెళ్లాను. ఆయన లేరు. ఎలిజబెత్ గారు కాఫీ ఇచ్చారు. నేను అనాలనుకున్నవన్నీ ఆవిడతోనే అనేశాను.

ఆవిడ శాంతంగా విని, "ఆయన చేతికి కట్టుకునేది ఏ కంప్యూటరో ఎప్పుడైనా చూశారా అండీ?" అన్నారు.

లోపలికెళ్లి తెచ్చి చూపించారు. మనిషిని పైకి లాగేసే బటన్ ఉన్నదే. అంచులన్నీ అరిగిపోయి ఉంది.

ఇదివరకు ఒక శిష్యుడికి, మీకింకా రాలేదు, ఇప్పుడే వద్దు అని బాలశౌరి గారు అందరి ముందూ చెప్పారట. ఆ మనిషి చిన్నబుచ్చుకుని ఇంకెక్కడికో వెళ్లి, ఆ లోతుకే దిగి, తొందరపడి పైకొచ్చాడు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

"అప్పట్నుంచి మనుషుల్ని అనడం మానేశారండీ. అనాల్సిందంతా సామాన్లని అంటారు" అన్నారావిడ.

కాఫీ చల్లారిపోయింది. సిలిండర్ల సంగతి గుర్తొచ్చి నాకు అప్పుడు చెమట పట్టింది. దానికంటే, ఒక బటన్ నా అంత మనిషిని పైకి లాగగలదని నమ్మినందుకు ఎక్కువ సిగ్గేసింది. ఇంటికెళ్లి మొట్టమొదట ఆ విమర్శ చెరిపేశాను.

బాలశౌరి గారికి ఏమీ తెలియనివ్వలేదు. ఆ బటన్ సంగతి ఇంకోసారి చూద్దామా అని అడిగానంతే. చూడ్డానికి వర్షాకాలం అంతా పట్టింది. బజ్జీ కాస్తా మెల్లగా రాయిలా నిలబడటం నేర్చుకుంది. కళ్లద్దం తీసినా ఊపిరి తడబడటం మానింది. ఏ లోతులో ఏ సిలిండరో రామతులసి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఆవిడ అడగలేదు, నేనే లేపి చెప్పాను.

ఒకరోజు నేను నీళ్లలో నిలబడి పని మొత్తం ముగించి పైకొస్తే, ఆయన శాలిని ఇచ్చిన అదే పాత పీసుని అటూ ఇటూ తిప్పి, "కంపెనీవాళ్లు బటన్ సరిచేసినట్టున్నారండీ. తీసుకోండి" అన్నారు.

ఓడని చూశాను. దాన్ని చూసింది కాసేపే, పైకొస్తూ తాడు పట్టుకుని ఆగిందే ఎక్కువ. చివరి మజిలీలో నెత్తి మీద ఎండ కనిపిస్తోంది, పడవ అడుగు కనిపిస్తోంది, చలికి ఒళ్లు వణుకుతోంది. ఒక్క తన్ను తంతే పైనుంటాను. కంప్యూటర్ ఆగమంది. ఆగాను. ఎదురుగా బాలశౌరి గారు తన కంప్యూటర్ చూసుకోవడం లేదు, నన్నే చూస్తున్నారు. పడవెక్కాక ఆయన మొహం వెలిగిపోతోంది, కానీ ఏదో ఒకటి అనాలి కదా. సముద్రంలో ఉప్పు కాస్త ఎక్కువైందన్నారు.

మొన్న రాజ్యశ్రీ అని ఓ బ్యాంకు ఆఫీసరు గారు కొత్తగా చేరారు. మొదటిరోజే కాళ్లు పైకీ తల కిందికీ అయి, గోడకి గుద్దుకుని, కళ్లనీళ్లతో ఒడ్డున కూర్చున్నారు. బాలశౌరి గారు ఆవిడ ఈతకి కాళ్లకి తొడుక్కున్న రబ్బరు రెక్కలు విప్పించి, చేతిలోకి తీసుకుని వంచి చూశారు, రబ్బరు మంచిది కాదన్నారు. ఆవిడ అనుమానంగా నా వంక చూశారు.

నేనూ ఒకటి అందుకుని, వెలుతురుకి పట్టి పరీక్షగా చూశాను.

"ఈ మధ్య రబ్బరు అసలు బాగుండట్లేదండీ" అన్నాను.