ఒక్క గీతా లేని గోల్‌కీపరు

ఈ సంగతి కాగితం మీద పెట్టకపోతే ఇంకో పదేళ్లకు అబద్ధమే మిగులుతుంది. బెంగాల్‌లో ఓడరేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్‌లోని మా తెలుగు ఇళ్లలో ఇప్పటికే మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒకరి లెక్కన మా గోల్‌కీపరు ఆట మధ్యలో నిద్రపోయాడు. ఇంకొకరి లెక్కన టీ తాగడానికి వెళ్లాడు. కుళాయి దగ్గర ఆడవాళ్లు చెప్పేదాని ప్రకారం ఆయన ఆ రోజు మైదానానికే రాలేదు. మూడూ తప్పే. ఆట మరునాడు జరిగిన సమావేశంలో కూర్చున్నవాళ్లకు నిజం తెలుసు. కాని వాళ్లలో సగం మంది పింఛను పుచ్చుకుని శ్రీకాకుళం వైపు వెళ్లిపోయారు. మిగిలిన సగం మంది నిజం కన్నా నిద్రపోయిన కథే బాగుందంటున్నారు. మా పిల్లలు తెలుగు మాట్లాడతారే గాని చదవమంటే కూడబలుక్కుంటారు. వాళ్ల కోసమే అక్షరాలు కాస్త పెద్దవిగా, మాటలు కాస్త చిన్నవిగా రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. రాయనని అందరికీ మాట ఇచ్చాను.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తరువాత నేర్చుకున్నదంతా గ్రంథాలయాల్లోనే. మా తెలుగు సంఘంలో పుస్తకాల బీరువాలు రెండు ఉండేవి. తేనెటీగల పెంపకంతో సహా వాటిలో ఉన్నవన్నీ చదివాను. అవి అయిపోయాక మా పేటలోని బెంగాలీ గ్రంథాలయంలో చేరి, పుస్తకాల కోసమే బెంగాలీ లిపి నేర్చుకున్నాను. నేను చెప్పే సంవత్సరం అక్కడే ఫుట్‌బాల్ గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. నిండా బొమ్మలు, బాణం గుర్తులు. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు ఒక పేజీ చొప్పున నమిలాను.

ఓడరేవు డాకులో నాది టాలీ గుమాస్తా పని, అంటే సరుకు లెక్క రాయడం. ఓడలోంచి దిగే ప్రతి మోపుకూ ఒక గీత గీయాలి. నాలుగు నిలువు గీతలయ్యాక వాటి మీద ఒక అడ్డ గీత. ఏ గ్యాంగుకైతే గీత పడలేదో ఆ గ్యాంగు పనిలోకి రానట్టే. డాకు పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. మా ఫుట్‌బాల్ జట్టంతా డాకువాళ్లే కనుక ఆటకు కూడా నేను అలాగే టాలీ వేసేవాణ్ణి. బంతి తగిలితే ఒక గీత.

రాష్ట్రంలో ఎర్రజెండా పాలన నడుస్తున్న కాలమది. మీటింగు లేకుండా ఏ పనీ జరిగేది కాదు. దోమలు ఎక్కువైతే మీటింగు, దోమలు తగ్గితే ఎందుకు తగ్గాయో మీటింగు. మా జట్టుకు పెద్దగా ఉన్న ఆయన్ని అందరం పెదనాన్నా అని పిలిచేవాళ్లం. ఆయన యూనియన్‌లో నాయకుడు, చర్చిలో సంఘ పెద్ద. యూనియన్‌లో ఎవడి తప్పు వాడు ఒప్పుకుంటే దాన్ని ఆత్మవిమర్శ అనేవారు. చర్చిలో లేచి నిలబడి తన సంగతి చెప్పుకుంటే సాక్ష్యం అనేవారు. పెదనాన్న రెండింటినీ కలిపి ఫుట్‌బాల్‌కు తగిలించాడు. ఆట అయిన మరునాడు ఆదివారం, ఆరాధన ముగిశాక, టీ దుకాణం ముందు బెంచీల మీద అందరూ కూర్చోవాలి. ఒక్కొక్కడే లేచి తన తప్పు చెప్పాలి. తప్పు చెప్పనివాడి పేరు తరువాతి ఆట జాబితాలో ఉండదు. "తప్పు తెలీనోడు ఏటి దిద్దుకుంతాడు?" అనేది ఆయన సిద్ధాంతం.

ఆ యేడు వానాకాలపు పోటీల్లో మొదటి ఆటే గెలిచాం. ఒక బిస్కట్ల కార్ఖానా జట్టు మీద ఒకటి - సున్నా. మామూలు మనుషులైతే మిఠాయి పంచుకుంటారు. మేము ఆత్మవిమర్శకు కూర్చున్నాం.

బెంచీల దగ్గరికి నడుస్తుండగా మా గోల్‌కీపరు నా భుజం పట్టుకున్నాడు. ఆయన క్రేను నడిపేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి.

"అల్లుడూ, వొచ్చే ఆట ఎక్కడో ఎరుకే గదా?"

"సంత్రాగాఛిలో కదా మామా."

"మరదే. మా అత్తోరి క్వార్టర్ల ఎదరే. ఆ రైలోళ్ల జట్టులో మా బావమరుదులు ఇద్దరూ ఆడతన్నారు. పెళ్లయి తొమ్మిదేళ్లయినాది. డాకోళ్లకి మూట మొయ్యడమే గాని బంతి పట్టడం రాదని పండక్కి ఎల్లినప్పుడల్లా అంతారు. ఈసారి మా అత్త ముక్కాలిపీట ఎయ్యించుకుని కూకుంతాదంట. నన్ను గాని పక్కన కూకోబెట్టీసినారా, నానింక ఆ గుమ్మం తొక్కనేను."

"నిన్నెందుకు కూర్చోబెడతారు మామా, గెలిచాం కదా," అన్నాను. అన్నానే గాని ఆయన కళ్లలోకి చూడకుండా ముందుకు నడిచాను. ఎందుకో కాస్త ఆగితే తెలుస్తుంది.

సమావేశం మొదలైంది. ముందు గోలు కొట్టినవాడు లేచాడు. డాకులో సరుకు పైకి లాగే వించి యంత్రం నడిపే కుర్రాడు. తెల్లచొక్కా వేసుకుని చర్చి నుంచి నేరుగా వచ్చాడు.

"పెదనాన్నా, ఆ గోలు నాను కొట్టనేదు. నాకు బంతి అందియ్యనేదని ఈ ఎనక వరస సన్నాసిని తిట్టడానికి ఎనక్కి తిరిగినాను. అప్పుడే ఎవుడో కొట్టిన బంతి నా ఈపుకి తగిలి లోపలికి ఎల్లిపోనాది."

"అయితే గోలు కొట్టింది నీ ఈపు," అన్నాడు పక్కన కూర్చున్న వెల్డరు. ఆ వెల్డరు మా రెండో గోల్‌కీపరు. మామకు ఎప్పుడు జ్వరం వస్తుందా అని రెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

"తిట్టడం తప్పు. ఈపు తప్పు కాదు. రాసుకో," అన్నాడు పెదనాన్న. రాసుకున్నాను.

తరువాత వెనక వరసలో ఆడిన ఒకడు లేచాడు. విశ్రాంతి సమయంలో అవతలివాళ్లు బిస్కట్లు పంచిపెడితే తొమ్మిది తిన్నాడట. రెండో సగంలో వాళ్లను అడ్డుకోబోతే మొహమాటం వచ్చిందట. "పెట్టినోడి బిస్కట్లు తిని ఎలగ తోసీమంతావు పెదనాన్నా?" ఇంకొకడు బంతి అనుకుని నీళ్లను తన్నాడు. ఇంకొకడు బురదలో రంగులు తెలియక, బాగా ఆడుతున్నావని అవతలి జట్టువాణ్ణి మెచ్చుకుని వీపు తట్టాడు. ఒకరిని చూసి ఒకరికి హుషారు పుట్టింది. లేని తప్పులు కూడా వెతికి తెస్తున్నారు. నా కాగితం చూస్తే మేము కనీసం ఆరు గోల్స్‌తో ఓడిపోయి ఉండాలి.

టీ దుకాణం దాదా, అంటే అన్న, బెంగాలీవాడు. ఇరవయ్యేళ్లుగా మా మాటలు విని సగం అర్థం చేసుకుంటాడు. గ్లాసులు కడుగుతూ, "జితేఛో తో? తాహలే కాంద్‌ఛో కెనో?" అని అడిగాడు. గెలిచారు కదా, మరి ఏడుస్తున్నారెందుకు అని. పెదనాన్న ఆయనకేసి జాలిగా చూశాడు.

చివరికి మామ వంతు వచ్చింది. ఆయన లేచి, చేతులు కట్టుకుని, "నాకు తప్పు నేదు," అన్నాడు.

బెంచీలు కిర్రుమన్నాయి.

"నేదంటే ఎలగ? ఆలోచించి సెప్పు," అన్నాడు పెదనాన్న.

"బంతి నా కాడికి రానేదు. రాని బంతితోటి తప్పు ఎలగ సేస్తాను?"

వెల్డరు వేళ్లు విరుచుకున్నాడు. "టాలీ సూడమను పెదనాన్నా. మామకి ఎన్ని గీతలున్నాయో."

అందరూ నావైపు తిరిగారు. నేను రిజిస్టరు విప్పాను. వించి కుర్రాడికి ముప్ఫై ఒకటి. బిస్కట్లు తిన్నవాడికి పద్దెనిమిది. మామ గడిలో తెల్ల కాగితమే ఉంది. ఒక్క గీతా లేదు.

"మన డాకు రూలు ఏటి? గీత నేని గేంగు పనికి రానట్టే. మామ ఆటకి రానేదు," అన్నాడు వెల్డరు.

"రాకపోతే ఆ బురదంతా నా ఒంటికి ఎలగొచ్చినాది? మీ అమ్మ పూసినాదా?" అన్నాడు మామ.

"ఉండండ్రా," అన్నాడు పెదనాన్న. "గీత నేదు, తప్పూ నేదు. ఒరే, తప్పొకటి సెప్పీసి కూకో. సిన్నదైనా పరవానేదు. నేకపోతే జాబితాలో నీ పేరు రాయలేను. సంత్రాగాఛికి ఈ వెల్డరే వొస్తాడు."

మామ నావైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. ఆయన దగ్గర చెప్పడానికి తప్పు ఉంది. ఒకటి కాదు, ఏడు నిమిషాల పొడవున్న తప్పు. దాన్ని మింగేసి అత్తవారి గుమ్మాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. ఎవరి కోసమో నాకు తెలుసు.

ఇంక కూర్చోలేకపోయాను. "పెదనాన్నా, నా ఆత్మవిమర్శ ఒకటుంది," అని లేచాను.

"నువ్వు ఆడనేదు గదరా."

"అదే చెబుతున్నాను."

జరిగింది ఇది. రెండో సగంలో వాన దంచికొట్టింది. అవతలి గోలు ముందు పెద్ద మడుగు కట్టి, ఆటగాళ్లందరూ అందులో ఇరుక్కుని నీళ్లు తన్నుకుంటున్నారు. బంతి మావైపు వచ్చే సూచన లేదు. నేను మా గోలు వెనకాల పెద్ద గొడుగు వేసుకుని నిలబడ్డాను. చంకలో ఆ ఇంగ్లీషు పుస్తకం ఉంది. గోల్‌కీపరు ముందుకు వచ్చి నిలబడితే కొట్టేవాడికి గోలు చిన్నదిగా కనిపిస్తుందని, దాన్ని కోణం తగ్గించడం అంటారని ఆ ఉదయమే చదివాను. అంత మంచి విషయం తెలిసి, ఎదురుగా గోల్‌కీపరు ఖాళీగా తడుస్తూ ఉంటే నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. "మామా, ఒక్కసారి ఇలా వచ్చి ఈ బొమ్మ చూడు," అని పిలిచాను. చదువుకున్నవాడు పిలిచాడని ఆయన గోలు వదిలి గొడుగు కిందికి వచ్చాడు. నేను రెండు పేజీలు వివరించాను. "ఈ బాణం గుర్తు బంతా, మనిసా?" అని అడిగాడు. నాకూ సందేహం వచ్చి నిఘంటువు తీశాను. తల ఎత్తి చూసేసరికి మా గోల్లో ఒక తెల్ల మేక నిలబడి ఉంది.

ఇదంతా విని పెదనాన్న బెంచీ అంచుకు జరిగాడు.

"ఎంతసేపు?" అన్నాడు పెదనాన్న.

"ఏడు నిమిషాలు."

"ఏడు నిమిషాలు మన గోలు మేక కాసినాదా?"

"అవును పెదనాన్నా."

తరువాత అడిగిన ప్రశ్న ఆయన ఎంత గొప్ప అధ్యక్షుడో చెబుతుంది. "మేక గోలు గీత మీద నిలబడినాదా, ముందుకొచ్చి నిలబడినాదా?"

గుర్తు చేసుకున్నాను. "ముందుకే. నాలుగడుగులు."

"అయితే పుస్తకంలో ఉన్నట్టే నిలబడినాది," అన్నాడు.

అప్పుడు పడ్డాయి నవ్వులు. వించి కుర్రాడు బెంచీ మీంచి జారి కింద కూర్చున్నాడు. దాదాకు ఎవరో బెంగాలీలో చెబితే, ఆ మేక తనకు తెలుసునని, చాలా నెమ్మదస్తురాలని సాక్ష్యం చెప్పాడు. వెల్డరు ఒక్కడే నవ్వలేదు. "మేకకి జాబితాలో సోటిచ్చీసినా ఇస్తారు గాని నాకియ్యరు," అన్నాడు.

పెదనాన్న మామవైపు తిరిగాడు. "ఇది ముందే ఎందుకు సెప్పనేదు?"

"సెప్తే ఈడి పరువు పోద్ది గదేటి. మనలో ఇంగిలీసు సదివినోడు ఈడొక్కడే."

"దాసీడం తప్పు కాదేటి?"

"తప్పే."

"మరైతే తప్పు సెప్పీసినట్టే. కూకో. రాయిరా ఈడి పేరు."

తీర్మానాలు రెండు జరిగాయి. సంత్రాగాఛిలో గోల్‌కీపరు మామే. రెండోది నా మీద. ఆట జరుగుతుండగా అచ్చు పుస్తకమేదీ పట్టుకుని గోలుకు ఇరవై అడుగుల లోపలికి నేను రాకూడదు. రెండోదాన్ని కూడా నేనే నా చేత్తో రాసుకున్నాను.

సంత్రాగాఛిలో నాలుగు గోల్స్‌తో ఓడిపోయాం. అందులో రెండు పెద్ద బావమరిదివి. కాని ఆ రోజు బంతి మామను వదిలితే కదా! నా రిజిస్టరులో ఆయన గడి నిండిపోయి, గీతలు పక్క గడిలోని వించి కుర్రాడి స్థలంలోకి పాకాయి. ఆ కుర్రాడికి ఎలాగూ ఆ స్థలంతో పని పడలేదు. క్రేను మీద వాడే తోలు గ్లవ్స్ తొడుక్కుని మామ బురదలో దొర్లాడు, ముఖంతో కూడా ఒకటి ఆపాడు. నేను ఇరవై అడుగుల అవతల ఖాళీ చేతులతో నిలబడ్డాను. ఆట అయ్యాక ముక్కాలిపీట మీంచి వాళ్ల అత్త లేచి వచ్చి, "అల్లుడు గారు శానా కష్టపడిపోనారు, భోంచేసి ఎల్లండి," అంది. చిన్న బావమరిది చెంబుతో నీళ్లు తెచ్చి మామ చేతుల మీద స్వయంగా పోశాడు. మామ నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ ఓటమి మీద మరుసటి ఆదివారం జరిగిన సమావేశం టీ చల్లారేలోపే ముగిసింది. ఎవరి దగ్గరా ఒక్క తప్పు లేదు. తప్పంతా రెఫరీదేనని ఏకగ్రీవంగా తేలింది.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు దండాలు చెప్పుకోవాలి. మేక ముందుకొచ్చిన అడుగులు నాలుగా ఐదా అనేది సరిచూసి చెప్పిన క్రేను మామకు. ఆ రోజు పెట్టిన చేపల కూరలో ముక్కలెన్నో మరిచిపోని అత్తకు. ప్రశ్న అడగడం తెలిసిన పెదనాన్నకు. తన వీపు సంగతి రాయడానికి ఒప్పుకున్న వించి తమ్ముడికి. ఇప్పటికీ ఒప్పుకోని వెల్డరుకు. మేక తరఫున సాక్ష్యం చెప్పిన టీ దాదాకు. బురద అంటిన పుస్తకం తిరిగి ఇస్తే తుడిచి తీసుకున్న గ్రంథాలయం బాబుకు. ఏడు నిమిషాలపాటు ఒక్కసారైనా తల తిప్పి మా గోలువైపు చూడని బిస్కట్ల కార్ఖానా జట్టుకు. అందరికన్నా ముందు ఆ తెల్ల మేకకు. దానికి పేరు ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా రాయను, అందరితో పాటే.