రెండో అంకె

మా ఉపాధ్యాయ సంఘం అమలాపురం శాఖలో కార్యదర్శిని ఎన్నుకునే పద్ధతి శాసనమండలి ఎన్నికల్లోలాగే ఉండేది. చీటీ మీద నచ్చినవారి పేరు ఎదుట ఒకటి వెయ్యాలి, ఆ తర్వాత నచ్చినవారికి రెండు, ఇంకొకరుంటే మూడు. సగానికి మించి ఒకట్లు ఎవరికీ రాకపోతే, అందరికన్నా వెనకబడినవారి చీటీలు మళ్లీ విప్పి, వాటి మీద రెండు ఎవరికి ఉంటే వాళ్లకి కలుపుతారు. నేను లెక్కల మాస్టారిని కాబట్టి ఇదంతా బోర్డు మీద గీసి చెప్పే పని నాకే పడేది. ఎన్నిసార్లు చెప్పినా కొందరు ఇద్దరికీ ఒకట్లే వేసేవారు. ఇంటికొచ్చి అడిగిన ఇద్దరికీ మాట ఇచ్చేశారు మరి. గుమ్మంలోకొచ్చిన మనిషిని కాదనడం కోనసీమలో ఎవరికి చేతనవుతుంది? ఆ చీటీలన్నీ చెల్లకుండా పోయేవి. నాకు ఒళ్లు మండేది.

డెబ్బైల చివర్లో నేనే పోటీ చేశాను. ఎదుట కొత్తపేట వైపు సోషలు మాస్టారొకరు, రాజోలు నుంచి కుట్టు టీచరుగారొకరు. ఆవిడ వెనక ఉన్నది చిన్న జట్టు. కుట్టు, డ్రాయింగు, డ్రిల్లు చెప్పేవాళ్లు. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి టెంపరరీలే. వేసవి సెలవులకు ముందు తీసేసి, బడి తెరిచాక మళ్లీ పెట్టుకునేవారు. గెలవనని ఆవిడకీ తెలుసు. తమకూ ఒక మాట ఉందని సంఘానికి తెలియాలని నిలబడ్డారు.

వాళ్ల రెండో అంకె నాకు పడితే గెలుస్తానని లెక్క వేసుకుని, బస్సెక్కి రాజోలు వెళ్లాను. ఒకటో అంకె అడగడానికి ఎవరైనా దర్జాగా వెళ్తారు. మీరు ఓడిపోయాక మీ ఓట్లు నాకు రావాలి అని పోటీ చేస్తున్న మనిషినే అడగడం మాత్రం సిగ్గు చంపుకుని చెయ్యాల్సిన పని. ఆవిడ కాఫీ ఇచ్చారు, కొబ్బరి లౌజు పెట్టారు. మా పోస్టులు పర్మినెంటు చేయించే సంగతి మీరు పట్టించుకుంటే చాలన్నారు. మీ పని నా పనే అన్నాను. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను.

లెక్కింపులో ఆవిడే వెనకబడ్డారు. ఆవిడ చీటీలు విప్పితే దాదాపు అన్నిటి మీదా రెండో అంకె నాకే ఉంది. అలా గెలిచాను. మావాళ్లు దండ వేశారు. ఆవిడ కూడా చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నా బాధంతా అదే. కాకినాడలో జిల్లా విద్యాధికారిని కలిసినప్పుడల్లా మా మెమొరాండంలో కుట్టు టీచర్ల కోరిక అన్నిటికన్నా కింద ఉండేది. అక్కడికి వచ్చేసరికి ఆయన గడియారం చూసుకునేవారు. దాన్ని కాస్త పైకి జరుపుదామంటే, ఎక్కువమంది కోరికలు ముందుండాలి కదా అని మా జట్టువాళ్లు అనేవారు. నేను గట్టిగా మాట్లాడలేకపోయేవాణ్ణి. ఏ సభలోనైనా ఆవిడ ఎదురైతే నాకు ఆ పూట అన్నం సహించేది కాదు. ఆవిడ కులాసా అడిగి వెళ్లిపోయేవారు, అంతే. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఎనభై అయిదులో, శాసనమండలిని రద్దు చేసిన ఏడాది మా జట్టువాళ్లు ఒక తీర్మానం తెచ్చారు. మండలే లేనప్పుడు మనకీ అంకెల గోలెందుకు, ఇకనుంచి ఒక్క టిక్కు పెడదాం, ఎక్కువ టిక్కులు వచ్చినవాడే కార్యదర్శి, చెల్లని చీటీల బెడదా తప్పుతుంది అన్నారు. పైకి చెప్పిన కారణం అది. ఇక చిన్న జట్టు గడప తొక్కనక్కర్లేదన్నది అసలు సంగతి.

మధ్యలో పోటీ లేక కార్యదర్శిగా నేనే కొనసాగుతున్నాను కాబట్టి ఆ సభ నడిపింది నేనే. అయినా లేచి తీర్మానాన్ని వ్యతిరేకించాను. అంకెలు తీసేస్తే తక్కువమంది ఉన్నవాళ్ల గొంతు వినేవాళ్లే ఉండరన్నాను. మావాళ్లు నన్ను గుర్రుగా చూశారు. నాకు మాత్రం ఇన్నేళ్ల బరువు దిగుతున్నట్టు హాయిగా ఉంది. మెచ్చుకుంటారేమోనని ఆవిడ వైపు చూశాను కూడా.

ఆవిడ లేచి, తీర్మానానికి తాను అనుకూలమన్నారు. నాకు అర్థం కాలేదు. అంకెలు పోతే నష్టం మీకే కదండీ అన్నాను.

"ఆయ్, తెలుసండి. అంకెలుంటే మీరు మళ్లీ మా ఇంటికొస్తారు మాస్టారు. మీ మొహం చూసి మళ్లీ కాదనలేనండి. నా మాట మీదే మావాళ్లు మీకు వేసేరు. సెలవులకి ముందు తీసేసినప్పుడల్లా, ఎందుకు వేయించేవమ్మా అని నన్ను అడుగుతున్నారండి. టిక్కులైతే ఓడిపోయినా పర్లేదు, మా ఓటు మా దగ్గరే ఉంటుందండి."

ఆ గొంతులో కోపం లేదు. చేతులు ఎత్తమన్నాను. మా జట్టువాళ్ల చేతుల మధ్య ఆవిడ చెయ్యి, పక్కనున్న డ్రిల్లు మాస్టారి చెయ్యి కూడా లేచాయి. వాటినీ కలిపి లెక్కపెట్టి, తీర్మానం నెగ్గిందని నేనే ప్రకటించాను.

తర్వాతి ఎన్నికలో టిక్కులతోనే గెలిచాను. ఎవరి గడపా తొక్కే పని పడలేదు. ఆ ఏడు మెమొరాండం మరీ పొడుగైందని మావాళ్లెవరో అంటే, కుట్టు టీచర్ల కోరికను నా చేత్తోనే కొట్టేశాను. ఎందుకు తీసేశావని ఎవరూ అడగలేదు.