అడిగి చెప్తా

మా పెద్దక్క ఏదడిగినా "అడిగి చెప్తా" అనేది. ఒకప్పుడు ప్రొద్దుటూరు అంగట్లో యాభై చీరలు దించించి, ఒక్కటీ నచ్చలేదని లేచొచ్చిన మనిషి. జమ్మలమడుగు దగ్గరి ఆశ్రమంలో చేరాక తిండికీ నిద్రకీ స్వామి అనుమతి కావాలి.

రెండేళ్ల తర్వాత ఇంటికొస్తే అమ్మ ఉగ్గాని పెట్టింది. తినొచ్చా అని అక్క స్వామికి మెసేజీ పెట్టి, పళ్లెం ముట్టకుండా కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"అమ్మ చేతి కూడు తినేదానికి ఆ దొంగోడు చెప్పాల్నా?" అని అరిచాను.

"దాన్ని తిననీరా ముందు!" అంది అమ్మ.

అప్పటికే అక్క లేచింది. గడప దాటుతుండగా ఫోన్ మోగింది. "తిను తల్లీ" అన్న స్వామి గొంతు నాకూ వినబడింది. అయినా అక్క వెనక్కి రాలేదు.

స్వామి మాట ఆమె కాదన్నది ఆ ఒక్కసారే. అదీ నా నోటి పుణ్యాన.