నల్లవాగు మీద ఓటు

అవ్నీ సబ్బాగ్‌కి యాభై రెండేళ్ళు. పాలస్తీనాలోని తుల్కర్మ్‌కి తూర్పున, కొండవాలులోని కఫ్ర్ సబీల్‌లో ఆలివ్ గానుగ నడుపుతాడు. పెద్దకొడుకు పేరు మీద ఊరంతా ఆయన్ని అబూ లైస్, అంటే లైస్ నాన్న, అని పిలుస్తుంది. అక్టోబరు వచ్చిందంటే నెలన్నర పాటు ఆయన చొక్కా ఏ రంగుదో భార్య సుమయ్యకి కూడా గుర్తుండదు. అంతా నూనే. నోరు మాత్రం ఏడాది పొడుగునా ఆడుతూనే ఉంటుంది. అలాంటి మనిషి ఒక ఏడాది ఎన్నికల్లో నిలబడ్డాడు.

అవి సర్కారు పెట్టిన ఎన్నికలు కావు. పాలస్తీనావాళ్ళూ ఇజ్రాయెలీలూ కొందరు కూడి, కాన్ఫెడరేషన్ అనేది వస్తే ఎలా ఉంటుందో ముందు చేసి చూద్దామని పెట్టుకున్నవి. ఎవరి రాజ్యం వాళ్ళది, ఎవరి జెండా వాళ్ళది. నీళ్ళు, దారులు, కరెంటు లాంటి విడదీయలేని వాటికి మాత్రం పైన ఒక ఉమ్మడి సభ. చెరి పదిహేను మంది సభ్యులు. ఏ తీర్మానమైనా రెండు సగాల్లోనూ విడివిడిగా నెగ్గాలి, అంటే చెరి ఎనిమిది ఓట్లు తప్పవు. తలలు ఎక్కువున్నాయని ఒకరినొకరు తొక్కెయ్యడానికి వీల్లేదు. ఆ సభకి అధికారం మాత్రం బొత్తిగా లేదు.

కాఫీ దుకాణంలో ఆయన్ని ఊరికే వదల్లేదు. లేని రాజ్యానికి మంత్రివా అన్నారు. ఇజ్రాయెలీలతో కూర్చుంటే వాళ్ళు చేసినవన్నీ ఒప్పుకున్నట్టే కదా అని ఒక పాత స్నేహితుడు మాట్లాడటం మానేశాడు. ఆ దెబ్బ అవ్నీకి గట్టిగానే తగిలింది.

అయినా ఆయన్ని లాగింది వాగు. కాయ పిండాక మిగిలే నల్లనీళ్ళను శుద్ధి చేసే చోటు ఇజ్రాయెలీ చెక్‌పోస్టుకి అవతల ఉంది. ట్యాంకరు అక్కడ పూటంతా ఆగిపోతుంది. ఈలోగా గానుగ గుంట నిండి, పొర్లి, వాగులో కలుస్తుంది. ఆ వాగు ఇజ్రాయెలీ ఊళ్ళ మీదుగా సముద్రానికి పోతుంది. ఏటా అవతలి పేపర్లలో నల్లటి వాగు ఫోటో పడేది. అవ్నీకి సిగ్గేసేది. ఎవరితోనూ అనలేకపోయేవాడు.

సుమయ్య ఫోను పట్టుకుని ఇటు జెనిన్ దాకా, అటు నాబ్లుస్ దాకా ఉన్న చుట్టాలందరి చేతా ఓట్లు వేయించింది. అవ్నీ గెలిచాడు.

సెప్టెంబరులో బేత్ జాలా కొండ మీది హోటల్లో సభ మొదలైంది. అవ్నీ పెళ్ళికొడుకులా తయారై, తలుపులు తీయకముందే పోయి నిలబడ్డాడు. అక్కడ కలిసింది జ్వియా రోనెన్. వాగు దిగువ ఊరావిడ, జీవశాస్త్రం చెప్పి రిటైరైన టీచరు. ఆవిడా వాగు కోసమే వచ్చింది.

"మీ గానుగల పుణ్యమా అని నవంబరు వస్తే మా వాగులో తాబేళ్ళు ఊపిరాడక గట్టు మీదికి పాకుతున్నాయి, అబూ లైస్ గారూ" అంది.

"మా ట్యాంకరు మీ చెక్‌పోస్టులో పడిగాపులు కాస్తుంది. కాయలు ఆగుతాయా? ఆ నీళ్ళు నన్ను తాగమంటారా, టీచరమ్మా?"

ఆవిడ ఫక్కున నవ్వేసింది. గంటలో ఇద్దరూ కలిసి తీర్మానం రాసేశారు. ఇటొక ట్యాంకరు, అటొక ట్యాంకరు, మధ్యలో కంచెలోంచి గొట్టం. బండీ దాటక్కర్లేదు, మనిషీ దాటక్కర్లేదు.

ఇజ్రాయెలీ సగంలో పదకొండు చేతులు లేచాయి. పాలస్తీనా సగంలో ఏడే. తీర్మానం ఒక్క ఓటుతో పడిపోయింది. చెయ్యెత్తని వాళ్ళలో పెద్దవాడు హాజ్ ఫవ్వాజ్, జెరికో వైపు రైతు. అవ్నీ ఆయన మీదికి వెళ్ళినంత పని చేశాడు. ముసలాయన గొంతు పెంచలేదు.

"నా బావి లోతు చేసుకోడానికి వాళ్ళ అనుమతి కోసం పంతొమ్మిదేళ్ళుగా తిరుగుతున్నాను నాయనా. మురికినీళ్ళు పంచుకునే ముందు మంచినీళ్ళు పంచుకోవడం నేర్పు వాళ్ళకి."

అవ్నీ కోపం చప్పున చల్లారింది. ఆయన మాటలో తప్పు వెతికినా దొరకలేదు. మధ్యాహ్నం భోజనం పక్కన పెట్టి తీర్మానానికి ఒక షరతు చేర్చాడు: రెండు వైపులా ఏ బావిలో ఎంత నీరు తోడుతున్నారో అందరికీ కనబడాలి, అనుమతులు ఉమ్మడి సంఘమే ఇవ్వాలి. అది చదివి జ్వియా ముఖం మాడిపోయింది. వాళ్ళ ఊరి అవకాడో తోటలు నిలిచేదే లెక్క చూపని బావుల మీద.

మళ్ళీ ఓటింగు. ఈసారి పేరు పేరునా పిలిచారు. పాలస్తీనా సగం పదమూడుతో నెగ్గించింది. అవతల పద్నాలుగు పేర్లు అయ్యేసరికి అవునన్నవి ఏడు. మిగిలింది జ్వియా.

ఆవిడ లేచి నిలబడింది. "ఇక మా ఊళ్ళో నాకు కాఫీ ఇచ్చే ఇల్లుండదు" అంది. "కానీ లెక్క చూపించడానికి జడిస్తే, ముప్పై ఏళ్ళు పిల్లలకి నేనేం చెప్పినట్టు?"

చెయ్యెత్తింది.

హాలు హాలంతా లేచి నిలబడింది. హాజ్ ఫవ్వాజ్ అవ్నీ తల దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. అవ్నీ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియలేదు. కుర్రతనంలో అవతల చేసిన సిమెంటు పనుల్లో నేర్చిన హీబ్రూలో జ్వియాకి కృతజ్ఞత చెప్పబోయి, మర్యాద మాట గుర్తురాక, మేస్త్రీలు వాడే మోటు మాటే అనేశాడు. ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

ఆ తీర్మానానికి చట్టంలో చిల్లిగవ్వ విలువ లేదు. ఆయనా ఆవిడా అది పట్టుకుని నెలంతా రెండు వైపులా ఆఫీసుల చుట్టూ తిరిగారు. సరేనని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. నవంబరు మొదట్లో ఒక పొద్దున్న కంచెకి ఇటొక ట్యాంకరు, అటొక ట్యాంకరు నిలబడ్డాయి. గొట్టం బిగించారు. నల్లనీళ్ళు గుడగుడమంటూ అవతలికి పరిగెత్తాయి. అవతల నిలబడి జ్వియా రెండు చేతులూ ఊపుతోంటే, ఇవతల సుమయ్య పెళ్ళిలోలా గొంతెత్తి సంబరపు కేక వేసింది. జవాను ఒకడు ఉలిక్కిపడి చూశాడు.

ఆ గానుగ కాలమంతా కలిపి పంతొమ్మిది ట్యాంకర్లు వెళ్ళాయి. వాగు తేటపడలేదు కానీ నలుపు విరిగి గోధుమరంగుకి వచ్చింది. బావుల షరతు కాగితం మీదే ఉండిపోయింది. హాజ్ ఫవ్వాజ్‌కి అనుమతీ రాలేదు. అయితే జ్వియా ఊళ్ళో ఏడు కుటుంబాలు తమ నీటి లెక్కలు తామే బయటపెట్టాయి. వసంతంలో జరిగిన సభలో ఆ అంకెల్ని హాజ్ ఫవ్వాజ్ కళ్ళద్దాలు సవరించుకుని, ఒక్కొక్కటీ పైకి చదివాడు. ఆయన చదవడం పూర్తికాకముందే అవ్నీ లేచి నిలబడ్డాడు, చేతిలో ఈసారి దారుల మీద రాసిన కొత్త తీర్మానం పట్టుకుని.