నా ఉపవాసాలు ఉన్నవాళ్లు

పెద్దాసుపత్రి డాక్టరుగారు నా మెడలో గడ్డలు తడిమి చూసి, "సగానికి పైగా కరిగాయమ్మా. ఇంజక్షన్లు చాలు, ఇక కరెంటు పెట్టాలి. ముందు నాలుగు వారాలు ఇంటికి వెళ్లు" అన్నారు. అరవైల చివరి సంవత్సరాలవి. మిషనుతో గడ్డను మాడ్చడాన్ని అందరూ కరెంటు పెట్టడమనే అనేవారు.

"ఇంటికెళ్లి ఏటి సెయ్యాలి బాబూ?"

"తినాలి. రక్తం బాగా పడిపోయింది. అది పెరిగితేనే మిషను కింద పడుకోబెడతాను. పెరగకపోతే మళ్లీ ఆగాలి. మనం ఆగితే గడ్డ ఆగదు."

ఆ చివరి మాట చెవిన పడిందే గాని మనసుకు పట్టలేదు. ఇల్లు అన్న మాటకే నా ప్రాణం లేచి కూర్చుంది. విశాఖలో బస్సెక్కింది మొదలు నరసన్నపేటలో దిగేదాకా కిటికీ వదల్లేదు. జుట్టు ఊడిన తలమీంచి ముసుగు గాలికి జారిపోతుంటే మా బావ సర్దుతూనే ఉన్నాడు. నా భర్త నాకు మేనత్త కొడుకే.

ఆ వారంలోనే కార్తీకం వస్తోంది. ఎనిమిదో ఏట నాన్నగారి పక్కన కూర్చుని పురాణం చదవడం నేర్చిన నాటి నుంచి నేను ఒక్క కార్తీక సోమవారం ఉపవాసం తప్పలేదు. శివాలయం మండపంలో ఆడవాళ్ల భజన గోష్ఠికి పురాణం చదివి అర్థం చెప్పేది నేనే. స్వామి సరిగ్గా ఈ నెలకే నన్ను విడిపించి పంపాడు. ఇది ఆయన పిలుపు కాక మరేమిటి అనుకున్నాను.

మొదటి సోమవారం మధ్యాహ్నం అత్త అన్నం, తోటకూర పెట్టింది. ఎండలో కూర్చుని తింటానని కంచం పెరట్లోకి పట్టుకెళ్లి, ఆవు కుడితి గోలెంలో వంచేశాను. సాయంత్రం చుక్క చూసి నాలుగు ముద్దలు తిన్నాను. ఎంత సంతోషమో చెప్పలేను. తెల్లారి లేవబోతే కాళ్లు నిలవలేదు. అత్త గోలెంలో తేలుతున్న తోటకూర చూసింది.

శనివారం మండపంలో నేను పురాణం తెరవగానే అత్త లేచి నిలబడింది.

"ఓలె, సదువు తర్వాత. డాక్టరుబాబు దీన్ని తినమన్న కూరంతా మా ఆవు తింతన్నాది. కరెంటు ఆవుకి పెట్టించాలేటో అందరూ సెప్పండి."

గోష్ఠి అంతా నవ్వింది. నవ్వనిది తాళాలు వాయించే ముసలమ్మ ఒక్కతే.

"నా కోడలు జొరంతో పడుకున్నప్పుడు నువ్వేటి సెప్పినావే గుంటా? ఒంట్లో బాగోనోల ఉపాసం అయినోలు ఉండొచ్చని ఆ పుస్తకం సూసే కదేటి సెప్పినావు. మాకొక శాస్త్రం, నీకొకటా?"

నిజమే. ఆ మాట నాకు కంఠతా వచ్చు. నా దగ్గరికి వచ్చేసరికే గుర్తు రాలేదు. స్వామి పిలుపు అనుకున్నదానిలో నా పట్టుదల ఎంతుందో తెలిసి తల వంచుకున్నాను.

"వచ్చే సోమారం నాది" అంది అత్త. "ఆ పైది నాది" అంది ముసలమ్మ. స్తంభానికి ఆనుకున్న మా బావ గొంతు సవరించుకుని, "ఆఖరిది నేనుంతాను" అన్నాడు. చద్దన్నం పడకుండా పొలానికి కదలని మనిషి.

"నువ్వా? మిట్టమద్దేనమే సుక్క సూపించమంతావు" అంది అత్త.

రెండో సోమవారం పొద్దున్నే అత్త దోసిలి పట్టింది. నా చేత్తో అందులో నీళ్లు పోశాను. కోడలి బదులు ఉంటున్నానని స్వామికి చెప్పుకుని ఆ నీళ్లు వదిలింది. మధ్యాహ్నం తన కడుపు కాలుతున్నా, నా కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుంది. ఆవిడ ఆకలి చూస్తూ మెతుకు పారెయ్యడం నా వల్ల కాలేదు. ఉపవాసం కంటే ఆ భోజనమే కష్టమైంది.

మూడో వారానికి, ఇంజక్షన్ల వల్ల నోట్లో పడిన పుళ్లు మానాయి. ఒక ఉదయం చోడంబలి తాగుతుంటే నాలుక్కి ఉప్పు తగిలింది. నాలుగు నెలల తర్వాత ఉప్పు. నా కేకకి అత్త, దూడ తాడు తెంచుకుందనుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు అంబలి మూడు గ్లాసులు తాగాను.

తిరిగి రమ్మన్నది నాలుగో సోమవారం. మొదటి బస్సుకు ముందే మా బావ దోసిలిలో నీళ్లు పోశాను. ఆసుపత్రి ముందు నాకు ఇడ్లీలు కొనిపెట్టి, తాను అటు తిరిగి కూర్చున్నాడు. వేలు గుచ్చి రక్తం తీసుకున్నారు. మధ్యాహ్నందాకా శివనామం తప్ప నా నోట మాట లేదు.

డాక్టరుగారు కాగితం పట్టుకుని నవ్వుతూ వచ్చారు. "రక్తం పుంజుకుందమ్మా. రేపే మొదలుపెడదాం. ఏం తిన్నావేమిటి?"

"మా వోలు పస్తులుండి పెట్టింది తిన్నాను బాబూ" అన్నాను. ఆయనకు అర్థమైనట్టు లేదు. నాకు మాత్రం కాళ్లు నేలమీద ఆనలేదు.

పొద్దు గుంకుతుండగా ఇద్దరం ఆసుపత్రి వరండాలో సముద్రంవైపు చూస్తూ నిలబడ్డాం. చేతిలో ఫలహారం పొట్లంతో ఉన్న మా బావ చటుక్కున వేలు చాపాడు.

"అదిగో సుక్క."

"అది ఓడ దీపం బావా."

"సరిగ్గా సూడే."

"కదల్తన్నాది, సూడు. ఇంకాసేపు ఆగు."

పొట్లం విప్పబోయిన మనిషి మళ్లీ కట్టేసి, నా పక్కన నిలబడి ఆకాశంలో వెతకడం మొదలుపెట్టాడు.